గీత జరపని మనిషి

కొత్తమ్మాయి ఆఫీసులో అడుగుపెట్టిన రోజే మనవాడి తుఫానుకు వంక పెట్టింది.

భుజానికున్న బ్యాగైనా దించకుండా గోడమీది సముద్రం మ్యాప్ ముందు నిలబడి, "ఈ గీత ఎవరు గీశారు?" అని అడిగింది.

"నేనే," అన్నాడు మనవాడు. మెచ్చుకుంటుందనుకున్నాడు పాపం.

"తుఫాను ఇంత భయపడుతూ నడుస్తోందేంటండీ? రోడ్డు దాటే ముసలమ్మలా?"

గదిలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా తమ తమ కంప్యూటర్లలో ఏదో ముఖ్యమైన పని చూసుకోవడం మొదలుపెట్టారు. నవ్వు ఆపుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు.

సముద్రం మీద తుఫాను పుట్టిందంటే ఆ వాతావరణ కేంద్రంలో రెండు టేబుళ్ళకు ఊపిరాడదు. ఒకటి దారి టేబుల్. తుఫాను ఎటు పోతుంది, ఎక్కడ తీరం దాటుతుంది అన్నది దాని గొడవ. రెండోది బలం టేబుల్. గాలి ఎంత వేగంగా వీస్తుంది, తుఫాను ముదురుతుందా, నీరసిస్తుందా అన్నది దీని గొడవ. రెండూ ఎదురెదురుగా ఉంటాయి. రెండు సంతకాలూ పడితేగానీ బులెటిన్ గడప దాటదు. మనవాడిది దారి. బలం చూసే ఆయన రిటైరైతే, ఆ కుర్చీలోకి వచ్చింది కొత్తమ్మాయి. నెలలు గడిచినా అందరూ ఆమెను కొత్తమ్మాయనే పిలిచారు.

దారి టేబుల్‌కు ఒక కట్టుబాటు ఉంది. కంప్యూటర్లు పూటకో మాట చెబుతాయి. వాటి వెంట పరిగెత్తకూడదు. ఒక బులెటిన్‌కూ ఇంకో బులెటిన్‌కూ మధ్య మ్యాప్ మీద గీతను బొటనవేలు మందం కంటే ఎక్కువ జరపకూడదు. పొద్దున ఉత్తరమని, మధ్యాహ్నం దక్షిణమని అంటే జనం రేడియో కట్టేసి ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. అందుకని మాట మార్చుకోవలసి వచ్చినా మెల్లగా మార్చుకోవాలి. మనవాడికి ఇది నేర్పింది ఆఫీసు పెద్దాయన.

చిక్కేమిటంటే, మనవాడు ఈ కట్టుబాటును మ్యాప్ దగ్గరే వదిలేయకుండా ఇంటికి కూడా మోసుకెళ్ళాడు. లేత నీలం చొక్కా పాతబడితే ఇంకాస్త లేత నీలం చొక్కా కొంటాడు. తల్లి పెళ్ళి మాటెత్తితే ఒక ఏడు "చూద్దాంలే" అన్నాడు, మరుసటేడు "ఆలోచిద్దాంలే" అన్నాడు.

"ఈ లెక్కన నీ పెళ్ళి నేను గోడమీద ఫోటోలోంచి చూడాల్సిందేరా," అని ఆవిడ విసుక్కుంది.

కొత్తమ్మాయికి ఈ బొటనవేలి సంగతి తెలిశాక ఇక పండగే.

"అంటే, తప్పని తెలిసినా ఇంతే జరుపుతారా?" అంది తన బొటనవేలు చూపించి.

"ముందు తప్పని తేలాలి కదండీ."

"మీకు తేలేలోపు తుఫాను ఊళ్ళోకొచ్చి, కాఫీ తాగి, సెలవు తీసుకుని వెళ్ళిపోతుంది."

"జనానికి నమ్మకం పోతే మళ్ళీ రాదండీ."

"జనమే పోతే?"

మనవాడు మ్యాప్ మీద లేని దుమ్ము తుడిచాడు. ఆమె కళ్ళలోకి చూస్తూ మాట్లాడటం అంత తేలిక కాదని అప్పటికే అర్థమైంది.

ఇక రెండో చిక్కు. అది ఫోన్లో ఉంది.

ఓడరేవు నుంచి దీవులకు జనాన్ని చేరవేసే ఫెర్రీ ఒకటుంది. దాని కెప్టెన్ రోజూ పొద్దున్నే ఆఫీసుకు ఫోన్ చేసి సముద్రం ఎలా ఉందో కనుక్కుంటాడు. ఏళ్ళ తరబడి ఆ ఫోన్ ఎత్తేది మనవాడే. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అటువైపు ఆయన కెప్టెన్ గారు, ఇటువైపు ఇతను వాతావరణం బాబు. అంతే పరిచయం. అలలూ గాలీ అయ్యాక కెప్టెన్ కాసేపు తన మోకాలి గురించో, ధరల గురించో మాట్లాడి పెట్టేస్తాడు.

కొత్తమ్మాయి చేరిన వారంలో ఆయన ఉత్సాహంగా అన్నాడు. "బాబూ, మా అమ్మాయికి మీ ఆఫీసులోనే ఉద్యోగమొచ్చింది. తుఫాను బలం చూసే పనట."

మనవాడు తలెత్తి ఎదురు టేబుల్ వైపు చూశాడు. ఆమె పెన్సిల్ చెక్కుకుంటోంది.

"అలాగా అండీ," అన్నాడు. ఆ అమ్మాయి నా ఎదురుగానే కూర్చుంటుందండీ అని చెప్పేవాడే. నోరు తెరిచాడు కూడా.

"ఎదురుగా ఎవడో నత్త కూర్చుంటాడటయ్యా," అన్నాడు కెప్టెన్. "గీత జరపమంటే వాడి ప్రాణం పోతుందట. రాత్రి అన్నం తింటూ వాడిలా మాట్లాడి చూపించింది. మా ఆవిడకి పొలమారింది."

మనవాడు తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఆ రోజే చెప్పి ఉంటే సరిపోయేది. రేపు చెబుదాంలే అనుకున్నాడు. రేపు వచ్చింది, ఎల్లుండీ వచ్చింది. నత్త కబుర్లు రోజూ వచ్చాయి. పొద్దున్నే రేవుల నుంచి అలాంటి ఫోన్లు ఎన్నో వస్తాయి గనక ఎదురు టేబుల్ పట్టించుకోలేదు. నత్త టిఫిన్ బాక్స్ మూత తీయడానికి ఎంతసేపు పడుతుందో, నత్త తుమ్మే ముందు కూడా ఎలా ఆలోచిస్తాడో, అన్నీ కెప్టెన్ గొంతులో విన్నాడు. విని, "అయ్యో, అలాంటివాళ్ళతో కష్టమేనండీ," అని తన మీద తానే సానుభూతి చూపించాడు.

వినగా వినగా ఒక మార్పు కనిపెట్టాడు. అతని పనే అది కదా.

మొదట్లో నత్త ఒట్టి మొద్దు. కొన్నాళ్ళకు, "మొద్దే గానీ అబద్ధమాడడట." ఆ తర్వాత, "నిన్న మా అమ్మాయికి జలుబు చేస్తే ఫ్యాన్ తన వైపు తిప్పుకున్నాడట. ఏమీ అనకుండా, మెల్లగా, కొంచెం కొంచెంగా తిప్పాడట. అది చెప్పి ఇంట్లో ఒకటే నవ్వు."

ఫోన్ పెట్టేశాక మనవాడికి ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు. ఆమె అంటే తనకు ఇష్టమని అప్పటికి చాలా రోజులుగా తెలుసు. ఆమెకూ ఏదో ఉందేమోనన్న ఆశ పుట్టింది మాత్రం ఆ రోజే.

ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. ఇద్దరూ ఆఫీసు మెట్ల మీద, షెడ్డు కింద ఇరుక్కుని నిలబడ్డారు. ఆమె చెయ్యి చాపి వాన పట్టుకుంటోంది. చెంప మీద ఒక చుక్క పడి జారుతోంది. మనవాడు ఆ చుక్క దారి చూస్తున్నాడు.

"ఏంటండీ చూస్తున్నారు?"

చెప్పేయాలనుకున్నాడు. కానీ అలవాటు అలవాటే. మొదట ఒక బొటనవేలంత చాలనుకున్నాడు.

"మీ గొడుగు బాగుంటుందండీ," అన్నాడు.

"నా దగ్గర గొడుగే లేదు."

"కొంటే బాగుంటుందని."

ఆమె పెదవి కొరుక్కుంది. నవ్వో, కోపమో అతనికి అంతుపట్టలేదు. కాసేపు చూసి, వానలోనే దిగి బస్టాప్ వైపు వెళ్ళిపోయింది.

తర్వాత కొన్ని రోజులకు కెప్టెన్ దిగులుగా చెప్పాడు. "బాబూ, మా అమ్మాయి ఇప్పుడు ఆ నత్త ఊసే ఎత్తట్లేదయ్యా. అన్నం దగ్గర ఊరికే కూర్చుంటోంది. ఏమైందంటే ఏమీ లేదంటుంది."

మనవాడు మెల్లగా ఫోన్ పెట్టేశాడు. ఇన్నాళ్ళూ ఆమె లోపలి మాటలు దొంగతనంగా విన్నట్టే కదా. ఇది తెలిస్తే మొహం చూస్తుందా? చెప్పకపోతే ఎన్నాళ్ళని? చెబితే ఆమె దూరమవుతుంది, చెప్పకపోతే తాను మోసగాడవుతాడు. ఈ రెంటి మధ్యా నలిగిపోయాడు గానీ, గీత మాత్రం జరగలేదు.

ఆ వారమే సముద్రంలో తుఫాను పుట్టింది.

చిన్నది, బద్ధకంగా ఉంది. పడమరగా పోయి, ఊళ్ళు లేని తీరం దాటుతుందని కంప్యూటర్లన్నీ ఒక్కమాట మీద ఉన్నాయి. మనవాడూ అదే గీశాడు. పొద్దున కెప్టెన్ అడిగితే అదే చెప్పాడు.

"అయితే ఇబ్బంది లేదుగా," అన్నాడు కెప్టెన్ గొంతు తగ్గించి. "దీవుల్లో చుట్టాలింటికెళ్ళిన జనం ఇరుక్కుపోయారు. ఇవాళ నా డ్యూటీ కాదనుకో, కానీ ఆ రెండో కెప్టెన్‌కి ఒంట్లో బాలేదట. మధ్యాహ్నం ఫెర్రీ నేనే తీసుకెళ్తున్నా. మా అమ్మాయికి తెలిస్తే, మోకాలు బాగోలేదు, సెలవురోజున కూడా ఎందుకని ఓడెక్కనివ్వదు. కటింగ్‌కని చెప్పి బయటపడ్డా. నువ్వెక్కడా అనకు బాబూ."

"అననండీ," అన్నాడు మనవాడు. అతని దగ్గరున్న రహస్యాల సంఖ్య పెరిగింది.

పొద్దెక్కాక కొత్తమ్మాయి లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడినా చూసుకోలేదు.

"ఇటు రండి."

ఆమె గొంతులో వెటకారం లేదు. మనవాడు అంత త్వరగా లేవడం ఆఫీసులో ఎవరూ చూడలేదు.

తెరమీద తాజా శాటిలైట్ ఫోటో ఉంది. పొద్దున చిరిగిన దూదిలా ఉన్న మేఘం గుండ్రంగా బిగుసుకుంది. నడిమధ్యలో చిన్న నల్లచుక్క కనిపించింది. తుఫానుకు కన్ను తెరుచుకుంటోంది.

"పొద్దున్నుంచి బలం రెండింతలైంది," అంది. "ఇంకా పెరుగుతుంది. కింద నీళ్ళు కాగుతున్నాయి. ఇది చిన్న తుఫాననుకుని కంప్యూటర్లు లెక్క కట్టాయి."

మనవాడి కళ్ళు మ్యాప్ మీదికి పోయాయి. బలం లేని తుఫాను పొట్టిగా ఉంటుంది, కింది గాలి ఎటు తోస్తే అటు పోతుంది. ముదిరిన తుఫాను ఎత్తుకు ఎదుగుతుంది, పైగాలికి చిక్కుతుంది. ఇవాళ కింది గాలి పడమరకు వీస్తోంది. పైగాలి ఉత్తరానికి. ఉత్తరాన ఏముందో అతనికి మ్యాప్ చూడనక్కర్లేదు. ఓడరేవుకూ దీవులకూ మధ్య నీళ్ళున్నాయి. ఫెర్రీ నడిచే నీళ్ళు.

"మీ మాట నిజమైతే నా గీత తప్పు," అన్నాడు.

"ఎంత జరపాలి?"

బొటనవేలు మ్యాప్ మీద పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ, మళ్ళీ. నాలుగోసారి వేలు దీవుల మీద ఆగింది.

పెద్దాయన ఊళ్ళో లేడు. ఫోన్లో దొరికాడు. సంగతంతా విని, "అంత దూరం ఎప్పుడూ జరపలేదు," అని గొణిగాడు. "పడమరకే పోతే నవ్వులపాలవుతాం. చూసేవాళ్ళు మీరు. మీరిద్దరూ ఒక్క మాట మీదికి రండి, నాకు చాలు," అని పెట్టేశాడు.

"మీరు ఖాయంగా చెప్తున్నారా?" అడిగాడు మనవాడు.

"ఖాయంగా ఎవరు చెప్పగలరండీ? నాకు కనిపించింది చెప్తున్నా. మీకు నమ్మకం లేకపోతే మీ బొటనవేలంతే జరపండి." ఆమె పెన్సిల్ టేబుల్ మీద పెట్టేసింది. "కానీ నన్ను ఇప్పుడు ఎగతాళి చెయ్యకండి."

"నేనెప్పుడు చేశాను? చేసేది మీరేగా."

అంటూనే రబ్బరు తీసుకుని, తను గీసిన గీత మొత్తం చెరిపేశాడు. కొత్త గీత ఒక్క ఊపున ఉత్తరానికి గీశాడు. కింద సంతకం పెట్టి పెన్ను ఆమెకిచ్చాడు. ఆమె గీతను కాదు, అతన్ని చూస్తూ సంతకం పెట్టింది.

బులెటిన్ వెళ్ళిపోయింది. దీవుల్లో జనం గట్టి కట్టడాల్లోకి వెళ్ళాలని, ఓడలేవీ కదలకూడదని రేడియోలో మొదలైంది. గడియారం చూస్తే ఫెర్రీ బయల్దేరే వేళ. కెప్టెన్ రేడియో వింటాడన్న నమ్మకం లేదు. మనవాడు ఫోన్ అందుకున్నాడు.

"కెప్టెన్ గారూ, దిగండి. అది దీవుల మీదికొస్తోంది."

"పొద్దున పడమరన్నావు కదయ్యా."

"తప్పు చెప్పాను."

"నువ్వు ఒక్కసారిగా ఇంత మాట మార్చవే. ఎవరో కంగారు పెట్టారు నిన్ను. అవతల జనం గట్టు మీద నిలబడి ఉంటారు. బేగి వెళ్ళి వచ్చేస్తా. ఈ సముద్రం నాకు కొత్తా?"

ఇంజన్ మోత వినిపిస్తోంది. ఆ మొండి మనిషి ఎవరి మాట వింటాడో మనవాడికి తెలుసు. ఆ ఒక్కరి చేతికి ఫోనిస్తే తన సంగతి ఏమవుతుందో కూడా తెలుసు. ఇన్నాళ్ళూ ఆమెను పోగొట్టుకోకూడదనే కదా నోరు విప్పనిది. ఇప్పుడు ఆలోచించుకునే వ్యవధి లేదు.

ఫోన్ ఆమె ముందుకు చాపాడు. "మీ నాన్నగారు. ఓడ మీదున్నారు. మీరు చెప్తేనే దిగుతారు."

ఆమె ఫోన్ లాక్కుంది. "నాన్నా?"

"అమ్మలూ, నువ్వా? నేను కటింగ్‌కి..."

"కటింగ్ ఓడలో చేస్తారా నాన్నా? ముందు ఇంజన్ ఆపు. ఆపితేనే మాట్లాడతా. బలం చూసింది నేను. నీ కూతురు లెక్క తప్పంటావా? అయితే వెళ్ళు. వెళ్ళే ముందు అమ్మకి ఫోన్ చేసి చెప్పి వెళ్ళు."

కాసేపటికి ఇంజన్ మోత ఆగిపోయింది. ఆమె కళ్ళు తుడుచుకుంది. అటునుంచి కెప్టెన్ గొంతు నెమ్మదిగా వినిపిస్తూనే ఉంది. "దిగానులే తల్లీ, ఏడవకు. ఆ బాబు మంచివాడు, రోజూ మాట్లాడతాడుగా నాతో. నీ కబుర్లన్నీ ఆయనకే చెప్తుంటా. ఆ నత్త కబుర్లు కూడా."

ఆమె ఫోన్ పెట్టేసి మనవాడి వైపు తిరిగింది. చెవుల దాకా ఎర్రబడింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీరు చేరిన వారం నుంచి."

ఆమె తన కుర్చీ లేవనెత్తుకుని, తెర వైపు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత పని మాటలు తప్ప ఇంకో మాట లేదు.

సాయంత్రానికి గాలి కిటికీ అద్దాలను బాదడం మొదలుపెట్టింది. రాడార్ తెర మీద తుఫాను పడమర దారిలో కొంతసేపు తటపటాయించింది. ఆ కొంతసేపూ మనవాడు తెర ముందు నుంచి కదలలేదు. ఆ తర్వాత మెల్లగా ఒళ్ళు విరుచుకుని ఉత్తరానికి తిరిగింది. ఓడరేవుకూ దీవులకూ మధ్య నీళ్ళను చిలికేసి, రాత్రి భోజనాల వేళకు దాటిపోయింది. దీవుల్లో పైకప్పులు లేచిపోయాయి, మనుషులకు మాత్రం ఏమీ కాలేదు. ఫెర్రీ రేవులో కట్టేసి ఉంది. పెద్దాయన ఫోన్ చేసి, "ఒక్క మాట మీదికొచ్చారన్నమాట," అన్నాడు.

వచ్చారో లేదో మనవాడికి తెలియదు. ఆమె రెయిన్‌కోటు వేసుకుంటోంది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"కోపమా?"

"కోపం కాకపోతే ముద్దొస్తారా? ఇంట్లో నేను వాగిందంతా విని, పొద్దున్నే ఏమీ తెలియనట్టు మొహం పెట్టుకుని కూర్చునేవారు. నేనేమనుకుంటున్నానో మీకు రోజూ ఫోనొచ్చింది. మీరేమనుకుంటున్నారో నాకెవరు ఫోన్ చేశారు?"

అందులో న్యాయం ఉంది. మనవాడు ఆలోచించలేదు. బహుశా పుట్టాక మొదటిసారి.

"మీరంటే నాకిష్టం. చాలా ఇష్టం. మీరు ఎగతాళి చెయ్యని రోజు నాకు అన్నం సయించదు. మీ నాన్నగారి ఫోన్ కోసం పొద్దున్నే లేచేవాడిని, సముద్రం కోసం కాదు. మీకిష్టమైతే పెళ్ళి చేసుకుందాం. చెప్పకుండా విన్నందుకు తప్పు నాదే."

ఆమె చేతిలో బటన్ ఆగిపోయింది. అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"ఇవాళ మీకేమైందండీ?" అని మాత్రం అంది. కోటు బటన్లు పెట్టుకుని, జవాబు చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మరునాడు పొద్దున ఫోన్ మోగలేదు. ఎదురు కుర్చీ కూడా ఖాళీగానే ఉంది.

ఇంతలో గుమ్మంలో ఒక పెద్దమనిషి కుంటుకుంటూ వచ్చి నిలబడ్డాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "వాతావరణం బాబు ఎవరయ్యా?"

గొంతు వినగానే మనవాడు లేచి నిలబడ్డాడు. కెప్టెన్ వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నన్ను బతికించావు బాబూ. జనాన్ని ఎక్కించుకుని ఆ నీళ్ళలో ఉండేవాణ్ణి." కళ్ళొత్తుకుని, కుర్చీ లాక్కుని, గొంతు తగ్గించాడు. "నీకో మాట చెప్పాలి, ఏమనుకోకు. నిన్న ఇంటికెళ్తూ ఒకటే అనుకున్నా. మా అమ్మాయిని నీకే ఇవ్వాలని. చేసుకుంటే ఇలాంటివాణ్ణి చేసుకోవాలి అని ఇంట్లో అనేశా కూడా."

"ఏమందండీ?" అన్నాడు మనవాడు.

"ఏమంటుంది? చేసుకుంటే ఆ నత్తనే చేసుకుంటానంది. వాడు తప్ప ఇంకెవరూ వద్దంది. నాకు ఎంత కష్టమేసిందో. నువ్వు మనసులో పెట్టుకోకు బాబూ, నీకు దివ్యంగా వేరే సంబంధం దొరుకుతుంది. ఇంతకీ ఆ నత్త ఏడీ? ఒకసారి చూపించు, వాడి మొహం చూసి పోతా."

మనవాడు నవ్వబోయాడు, ఏడవబోయాడు, ఏదీ సరిగ్గా రాలేదు. గుమ్మం దగ్గర కొత్తమ్మాయి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో, అంతా వింటూనే ఉంది.

"ఇంట్లో అంటే మీకు చేరిపోతుందని తెలుసుగా," అంది మనవాడితో. "అందుకే అక్కడే చెప్పా."

కెప్టెన్ ఆమెను చూశాడు. అతన్ని చూశాడు. మళ్ళీ ఆమెను చూశాడు. మెల్లగా వెలిగింది ఆయనకు.

"అంటే ఇన్నాళ్ళూ నీ దగ్గరే నిన్ను తిట్టానా?"

"రోజూ అండీ."

"ఒక్క రోజైనా ఎదురు చెప్పలేదేంటయ్యా?"

"మీరు చెప్పినవన్నీ నిజాలే కదండీ."

కెప్టెన్ కూతురి వైపు తిరిగాడు. "చేసుకో తల్లీ," అన్నాడు తృప్తిగా. "ఇన్ని మాటలు పడి కిక్కురుమనని అల్లుడు మనకి మళ్ళీ దొరకడు."